తేలే పొట్టు, మురికి గొట్టం

మా వదిన మా ఇంటికి వారం ఉండి పోతానని వచ్చింది. ఆ వారం ఇంకా అవలేదు. వచ్చినరోజు మంచం కిందకి తోసిన పెట్టె ఇప్పటికీ మంచం కిందే ఉంది. బట్టలు కావలసినప్పుడల్లా వంగి, పెట్టె బయటికి లాగి, కావలసింది తీసుకుని మళ్ళీ లోపలికి తోసేస్తుంది. బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇస్తానని ఎన్నిసార్లు చెప్పానో. "ఎందుకే అమ్మాయ్, రేపో మాపో వేరే ఇల్లు చూసుకునేదాన్ని" అంటుంది. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు మావాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు వాడు గడ్డం గీసుకుంటున్నాడు.

ఆవిడ మా ఆయనకు సొంత అక్క. నేను బట్టలు కుడతాను. వీధివైపు గది నా దుకాణం, వెనకవైపు గది ఆవిడది, మధ్యలో ఉన్నదంతా మాకు. మా వీధిలో సగం ఇళ్ళ కిటికీలకు వేలాడే కర్టెన్లు నేను కుట్టినవే. మా వదిన కిటికీకి మాత్రం ఏమీ లేదు. పొద్దున్నే ఎండ మొహాన కొడుతోందని సణిగేదీ ఆవిడే, కర్టెన్ కుట్టిపెడతానంటే వద్దనేదీ ఆవిడే. "పోయేదానికి కర్టెనెందుకు?" అంటుంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కర్టెన్లు కుట్టేదాని ఇంట్లో ఒక కిటికీ బోడిగా ఉంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?

చిన్నప్పుడే మా ఆయన ఆవిడకి బొంగరం అని పేరు పెట్టాడట. ఆ పేరు పెట్టడమే ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క చిలిపి పని. పేరు మాత్రం అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వదిన కూర్చుని టీ తాగడం నేను చూడలేదు. నిలబడి ఒక చేత్తో తాగుతూ రెండో చేత్తో గట్టు తుడుస్తుంది. మనం తింటుంటే కంచం పైకెత్తి కింద గుడ్డ వేసి తుడిచి మళ్ళీ కంచం దించుతుంది. నేను ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టినా పొద్దున్నకి అక్కడ ఉండదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే నేనే జవాబు చెబుతుంటాను: "ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా ఆగితే కదా!"

ఇలాంటి మనిషికి ఎవరిచ్చారో గానీ, ఓపిక తప్ప ఇంకేమీ అక్కర్లేని ఉద్యోగం ఇచ్చారు. సముద్ర జీవుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పొట్టు పెంచడం ఆవిడ పని.

పొట్టు అంటే వడ్లపొట్టు కాదు. నడిసముద్రంలో నీటి మీద ఒక్కోచోట రంపంపొట్టు చల్లినట్టు గోధుమరంగు తెట్టె తేలుతుందట. అది కంటికి ఆనని జీవుల గుంపు. ఒకదానికొకటి తగులుకుని దారంలా సాగుతాయి, ఆ దారాలన్నీ కలిసి కుచ్చులవుతాయి. దాని శాస్త్రీయ నామం వదిన చెప్పింది, నా నోరు తిరగలేదు. గాలిలో నత్రజని కావలసినంత ఉన్నా చాలా జీవులకు దాన్ని నేరుగా వాడుకోవడం చేతకాదు. ఈ పొట్టు ఆ నత్రజనిని పట్టుకుని ఎరువుగా మారుస్తుంది. "నడిసముద్రంలో ఎరువు చల్లేవాళ్ళు ఎవరున్నారే? ఇదే చల్లుతుంది. దీన్ని చూసుకుని ఎన్ని బతుకుతాయో" అని వదిన చెబుతుంటే, అదేదో ఆవిడే స్వయంగా చల్లి వచ్చినంత గర్వంగా ఉంటుంది.

సముద్రాన్నే పోషించే ఈ పొట్టు గాజు సీసాలో పెడితే మాత్రం మహా పెంకిది. వెలుగు ఎక్కువైతే చస్తుంది, తక్కువైతే చస్తుంది, సీసా గట్టిగా కదిపితే అలిగి చస్తుంది. సీసాలో కుచ్చులు ఎక్కువైనప్పుడల్లా, పైన తేలేవాటిని వెడల్పు మూతి ఉన్న గాజు గొట్టంతో తీసి, కొత్త నీళ్ళున్న ఇంకో సీసాలోకి మార్చాలి. మార్చగానే పాత సీసా పారేయకూడదు. కొత్తదానిలో కుచ్చులు బాగా పైకి తేలి, అది పట్టిందని నమ్మకం కుదిరాకే పాతదాన్ని ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించెయ్యాలి. వదిన చేతిలోకి వచ్చిన మొదటి సీసా నుంచి ఇలా సీసా తర్వాత సీసాగా ఆ పొట్టు వంశం ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. వేరే ఊళ్ళ ల్యాబుల్లో ఎన్నోసార్లు పోయిందట, ఇక్కడ మాత్రం పోలేదు.

ఒకసారి ఆ సీసాల అలమరకు వెలుగు అదుపులో ఉండేలా నల్ల కర్టెన్లు కావాలంటే నేను కుట్టి తీసుకెళ్ళాను. అప్పుడు చూశాను ఆవిడ పని చేయడం. ఊపిరి బిగబట్టి, గాజు గొట్టం నీళ్ళలోకి అలా అలా దించి, ఒక్క కుచ్చు చెదరకుండా పైకి తీసింది. మా ఇంట్లో గిన్నెలు దబదబా ఎత్తి పడేసేవి ఈ చేతులేనా అనిపించింది. నాకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది, దాచుకోవడమెందుకు.

ఆ ల్యాబ్‌కి కొత్తగా ఒక పరిశోధకురాలు వచ్చింది. లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకుంటుందని వదిన ఆ అమ్మాయిని కళ్ళజోడు పిల్ల అంటుంది. ఆ పిల్లకు పొట్టు కంటే పొట్టుతో కలిసుండేవాటి మీద ఆసక్తి ఎక్కువ. పొట్టు ఎక్కడా ఒంటరిగా ఉండదట. దాని కుచ్చుల సందుల్లో, చుట్టూ ఉన్న నీళ్ళలో రకరకాల బ్యాక్టీరియా కాపురం పెడతాయి. వాటిలో చాలావాటిని విడదీసి పెంచుదామంటే పెరగవు. అందుకని అన్నిటి డీఎన్ఏ కలిపి ఒకేసారి తీసి, యంత్రంతో చదివించి, ఏ ముక్క ఎవరిదో తర్వాత తేల్చుకోవాలి.

ఇదంతా ఆ పిల్లే నా దుకాణంలో కూర్చుని చెప్పింది. తెల్లకోటుకి గుండీలు కుట్టించుకోవడానికి వచ్చి, నా మిషను కింద పడి ఉన్న ముక్కలు చూసి, "ఇదిగో ఆంటీ, నా పని కూడా ఇదే. పదిమంది చొక్కాలు చింపి ఒకే గుట్టగా పోస్తారు. గళ్ళు, చారలు, నేత చూసి ఏ ముక్క ఎవరి చొక్కాదో పట్టుకుని, మళ్ళీ ఎవరి చొక్కా వాళ్ళకి కుట్టాలి" అంది.

"దానికి అంత చదువెందుకమ్మా, నా దగ్గరికొచ్చెయ్" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నాకు మాత్రం ఒకందుకు కోపమొచ్చింది. నాకంటే పెద్దదైన మా వదినని అక్కా అంటుంది, నన్నేమో ఆంటీ అంటుంది.

మొదటి ఫలితం వచ్చినరోజు వదిన ఇంటికొచ్చి చెప్పులు విడిచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గట్టు తుడవలేదు. తలుపు తోసి వెళ్తే, కిటికీ దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా తిరుగుతోంది.

జరిగిందేమిటంటే, సీసాల్లో పొట్టుతో కలిసున్న బ్యాక్టీరియా ముక్కల్లో ఎక్కువ వాటా ఒకే ఒక్క జాతిదట. అది నడిసముద్రంలో దొరికేది కాదు, గొట్టాల్లోనూ తొట్లలోనూ జిగురుగా పట్టే రకం. ల్యాబ్‌కి పెద్ద అయిన పెద్దసారు అందరి ముందూ ఆ కాగితాలు తిప్పి, "ఇది సముద్రం నుంచి వచ్చింది కాదు, మన దగ్గర పట్టిన మురికి. పూర్తి జన్యుక్రమం వచ్చాక కూడా ఇదే అని తేలితే, సీసాలన్నీ పారేసి కొత్తగా మొదలుపెడదాం" అన్నాడట. అప్పుడే తొందరొద్దు, ముక్కలు కలిపి దాని జన్యువులన్నీ చదివేదాకా ఆగుదామని కళ్ళజోడు పిల్ల చెప్పింది. ఆ పిల్ల మాట వదిన చెవికెక్కలేదు. ఆవిడకి వినబడింది ఒక్క మురికి అన్న మాటే.

"కంచం కింద కూడా తుడిచేదాన్ని నేను. నన్ను పట్టుకుని మురికి అంటాడా?" అంది.

"నిన్ను కాదుగా వదినా, సీసాల్ని."

"సీసాలు ఎవరివే?" అని నా మీదకే వచ్చింది. తర్వాత వంగి, మంచం కింద నుంచి పెట్టె లాగి, ఎత్తి మంచం మీద పెట్టింది. "ఆ పొట్టు పోతే ఇంక నేను అక్కడా ఉండను, ఇక్కడా ఉండను. వేరే ఊళ్ళో ఏదో ఒకటి చూసుకుంటా."

"వెళ్ళు, ఎవరాపారు?" అన్నాను నేను. దుకాణంలోకి వచ్చి కూర్చుని ఒక చొక్కా చేతిని తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

అప్పటినుంచి వదినకు ఒకటే ధ్యాస. ఆ మురికి ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవాలి. పొట్టు పెరిగే నీళ్ళు సముద్రం నుంచే తెస్తారు. మరిగిస్తే ఉప్పులు విరిగి అడుగున పేరుకుంటాయని వాటిని మరిగించరు. పెద్ద తొట్టిలోంచి ఫిల్టరు గుండా పంపి, ఫిల్టరు అవతల ఉన్న మెత్తటి గొట్టంలోంచి సీసాల్లోకి పట్టుకుంటారు. ఫిల్టరుని అందరూ అనుమానించారు. ఫిల్టరు దాటాక ఉన్న గొట్టం సంగతి ఎవరికీ తట్టలేదు. వదిన దాన్ని ఊడదీసి లోపల వేలు పెట్టి చూస్తే జారుడుగా జిగురు తగిలింది. మురికికి మూలం ఎన్నాళ్ళుగానో అక్కడే ఉంది, పట్టిన ప్రతి సీసాలోకీ కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంది.

దొంగ దొరికాక ఆగే మనిషి కాదుగా. పెద్దసారు ఊళ్ళో లేడు, కళ్ళజోడు పిల్ల కంప్యూటరు ముందు నుంచి లేవడం లేదు. వదిన ఎవరికీ చెప్పకుండా కొత్త గొట్టం బిగించింది. కుచ్చులన్నిటినీ శుభ్రమైన నీళ్ళతో ఒకసారి కాదు, పదేపదే కడిగింది. కొత్త సీసాల్లోకి మార్చింది. మార్చి, అవి తేలేదాకా ఆగకుండా, పాత సీసాలన్నిటినీ ఆ సాయంత్రమే ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించేసింది. అంత అనుభవం ఉన్న మనిషి, తనే పెట్టుకున్న కట్టుబాటుని తన చేతుల్తోనే తెంచేసింది. మురికితో ఇంకొక్క పూట కూడా ఉండలేకపోయింది.

పాత గొట్టం ల్యాబ్ చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటైనా పడుతుందని చుట్టచుట్టి సంచిలో పెట్టి ఇంటికి తెచ్చింది. "వీధి చివర పారెయ్యవే" అని నా దుకాణంలో గిరాటేసి లోపలికి పోయింది. అదే సమయానికి చేపలాయన వచ్చాడు. వీధి మొదట్లో రంగురంగుల చేపలు అమ్మే కొట్టు ఆయనది. ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చి, తన ఉప్పునీళ్ళ తొట్టి గొట్టం పగిలిపోయిందని, చేపలకి నీళ్ళు తిరగడం లేదని ఏడుపు మొదలెట్టాడు. నాకు చెత్త వీధి చివరిదాకా మోసే పని తప్పింది కదా అని ఆ గొట్టం చేతిలో పెట్టాను. కడిగి వాడుకోమన్నాను. కడగలేదు. ఆ మనిషి ఏదీ కడగడని ఆయన ప్యాంటు చూస్తేనే తెలుస్తుంది.

కొత్త సీసాల్లో పొట్టు రెండు మూడు రోజులు బాగానే తేలింది. తర్వాత కుచ్చులు వదులయ్యాయి. కొన్ని పాలిపోయి అడుక్కి దిగాయి. వదిన దీపాలు తగ్గించింది, పెంచింది, మళ్ళీ తగ్గించింది. సెలవురోజు కూడా వెళ్ళి చూసొచ్చింది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. అన్నం ముందు కూర్చోదు, కూర్చున్నా కలపదు. ఏమైందంటే ఏమీ లేదంటుంది. మంచం మీద పెట్టె అలాగే ఉంది. రాత్రిళ్ళు దాన్ని పక్కకి జరిపి, మిగిలిన కాస్త చోటులో పడుకుంటోంది.

సరిగ్గా అప్పుడు కళ్ళజోడు పిల్ల ముక్కలన్నీ కలపడం పూర్తి చేసింది. ఆనందం పట్టలేక ల్యాబంతా కలయతిరిగిందట. ఆ జిగురు జాతి జన్యువుల్లో ఒకటి దొరికింది. వెలుగులో పొట్టు పని చేసేటప్పుడు నీళ్ళలో ఒక ఘాటైన విషం పుడుతుంది. సముద్రంలో అయితే అది పలచబడి పోతుంది, మూసిన సీసాలో పేరుకుంటుంది. దాన్ని విరగ్గొట్టే జన్యువు మన పొట్టు దగ్గర లేదు, ఈ జిగురు బ్యాక్టీరియా దగ్గర ఉంది. "అక్కా, అది మురికి కాదు! గొట్టంలోంచి వచ్చి చేరి ఇన్నేళ్ళూ మన పొట్టుని బతికిస్తోంది. మిగతా ల్యాబుల్లో ఎందుకు పోయిందో, మన దగ్గర ఎందుకు పోలేదో తెలిసింది. ఆ సీసాలు జాగ్రత్త!" అని వదిన రెండు చేతులూ పట్టుకుని ఊపేసిందట.

వదిన ఏమీ చెప్పకుండా తలూపి, పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చేసింది. నేను మిషను మీద ఉన్నాను. ఎదురుగా వచ్చి నిలబడింది.

"చంపేశానే" అంది.

"ఎవరిని?"

మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ నా బల్ల మీద దారపు ఉండల్ని ఒక వరసలో పేర్చి, చెరిపి, మళ్ళీ పేర్చింది. "పాతవి ఒక్కటి ఉంచుకున్నా సరిపోయేది. ఆ పాడు గొట్టమైనా ఉంటే బావుండేది. అది కూడా నీ చేత పారేయించాను."

నేను మిషను ఆపాను. "పారేయలేదు వదినా."

ఆవిడ మొహం చూడాలి అప్పుడు. ఎక్కడుందో చెప్పగానే చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. నేను వెనక పరిగెత్తాను. దారిలో ఉన్న సామాన్ల కొట్లో ఆపి, అదే కొలతలో ఒక కొత్త గొట్టం నేనే కొన్నాను. ఉత్తచేతులతో వెళ్తే చేపలాయన ఇవ్వడని నాకు తెలుసు.

చేపలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "కొత్తది తెచ్చి పాతది అడుగుతున్నారేంటమ్మా?"

"పొరపాటున ఇచ్చాను. అది వదిన ఆఫీసుది."

"ఇచ్చింది మళ్ళీ అడుగుతారా ఎవరైనా? అది పెట్టాక నా చేపలు ఎంత హుషారుగా తిరుగుతున్నాయో తెలుసా?"

"హుషారుగా ఉన్నాయా?" అని వదిన తొట్టి మీదకి వంగింది. ఎర్రచారల చేపలు గిరగిరా తిరుగుతున్నాయి. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "బాబూ, నీకు దణ్ణం పెడతాను. అందులో సగమైనా ఇయ్యి."

అంత మాట వదిన నోట ఎవరితోనైనా వినడం నాకు అదే మొదలు. చేపలాయన కూడా మెత్తబడ్డాడు. సగం కాదు, మొత్తం ఇచ్చాడు, తొట్టి నీళ్ళతో సహా ఒక చిన్న బకెట్‌లో వేసి మరీ ఇచ్చాడు. "ఇంతకీ దాంట్లో ఏముందమ్మా?" అని వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు.

వదిన ఒక్కతే ల్యాబ్‌కి వెళ్ళలేకపోయింది. బకెట్ నేనే మోశాను. కళ్ళజోడు పిల్ల ముందు నిలబడి, గొట్టం మార్చిందీ, కడిగిందీ, పాతవి ఉడికించిందీ ఏదీ దాచకుండా చెప్పింది. ఆ పిల్ల కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పాతవి ఒక్కటి కూడా లేవా అక్కా?" అని మాత్రం అడిగింది. ఈలోగా పెద్దసారు వచ్చాడు. ఆయనకీ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. తలొంచుకుని విని, "మురికి అన్నది నేనే కదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

అన్ని సీసాల్లో ఒక్కదానిలోనే ఇంకా కొన్ని కుచ్చులు తేలుతున్నాయి. బకెట్లో ఉన్న గొట్టంలో ఇప్పుడు మన బ్యాక్టీరియా ఉందో, చేపల తొట్టివి వచ్చి చేరి దాన్ని తరిమేశాయో ఎవరికీ తెలియదు. మళ్ళీ డీఎన్ఏ చదివించి తేల్చుకోవాలంటే చాలా రోజులు పడుతుంది, పొట్టుకి అంత ఆయుష్షు లేదు. అందుకని కళ్ళజోడు పిల్ల ఒక ఉపాయం చెప్పింది. మిగిలిన కుచ్చుల్ని రెండు భాగాలు చెయ్యాలి. ఒక సీసాలో గొట్టం లోపలి జిగురు కడిగిన నీళ్ళు కాసిని కలపాలి, రెండో సీసాలో కలపకూడదు. రెండిటికీ ఒకటే వెలుగు, ఒకటే వేడి.

"తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు అక్కా. కదపకూడదు. కర్టెన్ ఎత్తితే వెలుగు మారిపోతుంది, కాబట్టి చూడను కూడా చూడకూడదు."

"ఎన్నాళ్ళు?"

"వారం."

"వారమా!" అంది వదిన, ఉరిశిక్ష విన్నట్టు.

కుచ్చుల్ని ఆవిడే విడదీసింది. గాజు గొట్టం నీళ్ళని తాకేసరికి ఆ చేతుల హడావుడి ఆగిపోయింది. రెండు సీసాలూ అలమరలో పెట్టి, నేను కుట్టిన నల్ల కర్టెన్ దించింది. కాసేపు దాని ముందు నిలబడి నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, సూది ఉందా?"

నా పైటకొంగుకి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. "ఉంది, ఎందుకు?"

"ఈ కర్టెన్ మూసి కుట్టెయ్. లేకపోతే నేను ఆగలేను."

కుట్టాను. పై నుంచి కింద దాకా, దగ్గరదగ్గరగా, బలంగా. పెద్దసారు, ఆ పిల్లా పక్కన నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఆ వారం మా ఇంట్లో మనుషులెవరూ మనుషుల్లా లేరు. వదిన గట్టు తుడవడానికి గుడ్డ తీసేది, తడిపేది, తుడవకుండానే మళ్ళీ ఆరేసేది. ఉప్పు డబ్బా నేను పెట్టినచోటే ఉండేది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది. వీధిలోకి వెళ్ళేది, చివరిదాకా పోయి వెనక్కొచ్చేది. ఎక్కడికి వెళ్ళావంటే తెలీదనేది. ఇన్నేళ్ళూ ఈవిడ వెళ్ళిపోతే నా వంటిల్లు నాకు దక్కుతుందని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు నిజంగా వెళ్ళిపోతుందేమో అనుకుంటే భయమేసింది. ఆవిడ లేకపోతే నేనెవరి మీద చిరాకు పడాలి? మా ఆయన మీద పడితే ఆయన పట్టించుకోడు. ఆ నోట్లో నాలుక లేని మనిషే ఒకరోజు భోజనాల దగ్గర లేచి, "ఆ పెట్టె కింద పెట్టవే అక్కా, చూడలేకపోతున్నాను" అన్నాడు. అయినా వదిన పెట్టె దించలేదు.

వారం నిండిన రోజు ఇద్దరం ల్యాబ్‌కి వెళ్ళాం. కత్తెర వదిన చేతికిచ్చాను. తీసుకుని, మళ్ళీ నా చేతిలోనే పెట్టేసింది.

"నువ్వే విప్పు" అని గోడవైపు తిరిగి నిలబడింది.

నేను ఒక్కో కుట్టే కోసుకుంటూ వస్తున్నాను.

"తొందరగా కానీవే!"

"కుట్టింది నేను, విప్పడం నాకు తెలుసు. అలమర కదిలిందంటే నీ పొట్టే అలుగుతుంది" అన్నాను.

కర్టెన్ పక్కకి తీయగానే ముందు కనబడిన సీసాలో పైన ఒక్క కుచ్చు లేదు. అంతా తెల్లగా పాలిపోయి అడుగున పేరుకుంది. కళ్ళజోడు పిల్ల నా భుజం మీద నుంచి చెయ్యి చాపి రెండోది చూపించింది. దాంట్లో నీటి అంచు చుట్టూ గోధుమరంగు కుచ్చులు ఒత్తుగా, దట్టంగా పట్టి ఉన్నాయి.

"వదినా, తేలుతోంది."

ఆవిడ ఇటు తిరగలేదు. "ఏది?"

"గొట్టం నీళ్ళది."

అప్పుడొచ్చి చూసింది. సీసాని ముట్టుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఏడుస్తూ కూడా కూర్చోలేదు. ఆ పిల్ల చచ్చిన సీసాని ఉడికించడానికి తీయబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ అమ్మా. ఇది బాగా పట్టేదాకా దాన్నీ ఉండనీ. ఇంకెప్పుడూ తొందరపడను."

తర్వాత ఆ గొట్టంలో ఉన్నవాటి డీఎన్ఏ కూడా చదివారు. మన జిగురు జాతి అక్కడే ఉంది. చేపల తొట్టి నుంచి వచ్చిన ఒకరిద్దరు కొత్త చుట్టాల పక్కన సర్దుకుని కూర్చుంది. ఇప్పుడు ఆ గొట్టం ల్యాబ్‌లో ఉప్పునీళ్ళ జాడీలో ఉంటుంది. ఎవరూ కడగకూడదని జాడీ మీద చీటీ అంటించారు. ఆ చీటీ రాసింది పెద్దసారట.

కర్టెన్ విప్పిన ఆ సాయంత్రం నేను మిషను మీద ఉండగా, వదిన గదిలోంచి పెట్టె తాళం తీసిన చప్పుడు వినబడింది. పొట్టు బతికాక కూడా సర్దుకుంటోందా అనుకుంటూ లేచి వెళ్ళాను. పెట్టెలో బట్టలన్నీ మంచం మీద పరిచి, అట్టడుగు నుంచి ఒక బట్ట తీసింది. తెలుపు మీద నీలం పూలు. ఒక్కసారి కూడా విప్పని మడత, మడత వెంబడి పసుపుపచ్చగా మారింది.

"సొంతంగా ఇల్లు చూసుకున్నాక కుట్టిద్దామని కొన్నాను, ఎప్పుడో" అంది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"టేపు తెచ్చి కిటికీకి కొలత తీసుకో."

"ఏ కిటికీకి?"

"ఏ కిటికీ ఏంటే? నా కిటికీకి."

స్టూలు వేసుకుని ఎక్కాను. ఆవిడ కింద స్టూలు పట్టుకుంది. పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, కళ్ళు మసకబారితే మళ్ళీ కొలిచాను. కింద నుంచి ఆవిడ స్టూలు కాలు గోకుతూనే ఉంది.

"రేపటికిస్తావా?"

"చేతిలో బోలెడు పనుంది. వారం పడుతుంది."

వదిన స్టూలు కాలు గోకడం ఆపింది. "వారమా?" అంది. తర్వాత, "సరే, ఉంటాలే" అంది.